కలుగులోంచి ఎలుక అడిగిన ప్రశ్న



మొన్న సంక్రాంతి సెలవులకు మా మనవరాలు వచ్చింది. దానికి ఐదేళ్ళు నిండి ఆరో ఏడు నడుస్తున్నది. దాని సంచిలో ఒక బొమ్మల పుస్తకం కనిపించింది. నున్నటి కాగితం, జిగేలుమనే రంగులు. తెరిచి చూస్తే మన పాత కథే: కాకి, ఎలుక, తాబేలు, లేడి. ముప్పై మూడేళ్ళు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి కనుక, పొరుగూళ్ళో చుట్టం ఎదురైనట్లు సంబరపడ్డాను. కాని మొదటి పుటలోనే ఆ నలుగురూ ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని నవ్వుతూ నిలుచున్నారు. చివరి పుటలోనూ అదే నవ్వు. పిల్ల రెండు నిమిషాల్లో పుటలన్నీ తిరగేసి, పుస్తకాన్ని పక్కన పెట్టి, టీవీ వైపు తిరిగింది.

ఆ రాత్రి పడుకోబోయే ముందు అదే కథను నేను చదువుకున్న తీరున చెప్పాను. కాకి వచ్చి కలుగు ముందు వాలి స్నేహం అడగడం, ఎలుక బయటికి రాకుండా లోపలి నుంచే “నేను నీకు తిండిని, నువ్వు నన్ను తినేదానివి, మనకు చెలిమి ఎట్లా కుదురుతుంది?” అని అడగడం వినిపించేసరికి పిల్ల దుప్పటి తోసి లేచి కూర్చుంది. “మరి ఎలక బయటికొచ్చిందా తాతయ్యా?” అన్నది.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదలలేదు. పిల్లలకు తమకంటే వేరుగా ఉన్నవారితో చెలిమిని గురించి చెప్పడానికి మన దగ్గర ఇంతకంటే పాత కథ నాకు తెలిసినంతలో లేదు. ఇది రెండువేల యేళ్ళకు దగ్గరగా బతికి, ఎన్నో భాషలు దాటి, ఎన్నో చోట్ల బొమ్మలు వేయించుకున్నది. ఇంత దూరం నడిచిన కథ మా మనవరాలి పుస్తకంలో రెండు నిమిషాలకే ఎందుకు చచ్చిపోయిందో వెతుక్కుంటూ రాస్తున్న వ్యాసమిది. ఇందులో నా తప్పు ఒకటి కూడా ఉన్నది. అది తగిన చోట చెప్పుకుంటాను.

ముందుగా కథ మూలం. పంచతంత్రంలో రెండవ తంత్రం మిత్రసంప్రాప్తి. నారాయణ పండితుడు హితోపదేశం కూర్చినపుడు దీనిని మిత్రలాభమని మొదటికి తెచ్చాడు. చిత్రగ్రీవుడనే పావురాల రాజు పరివారంతో వలలో పడటం, అందరూ ఒక్కసారి ఎగిరి వలతో సహా హిరణ్యకుడనే ఎలుక దగ్గరకు చేరడం, అది తాళ్ళు కొరకడం మీరంతా ఎరిగినదే. దానిని చెట్టు మీది నుంచి చూసిన కాకి లఘుపతనకుడు. ఇంతటి మిత్రుడు నాకూ ఉంటే బాగుండునని వెళ్ళి కలుగు ముందు నిలుచున్నాడు. కథకు ఆయువుపట్టు ఇక్కడే ఉన్నది. ఎలుక ఒప్పుకోదు. పాముకూ ముంగిసకూ ఉన్నట్టి పుట్టు వైరాలను ఏకరువు పెడుతుంది. కాకి బతిమాలుతుంది, వాదిస్తుంది, నువ్వు కాదంటే అన్నం మాని ఇక్కడే ప్రాణం విడుస్తానంటుంది. పంచతంత్రంలో ఎలుక మాట కలపడానికి ఒప్పుకున్న తరువాత కూడా, కాకి తన కోటలో అడుగు పెట్టరాదని షరతు విధిస్తుంది. కాకి దానికి తలవంచుతుంది. ఆపైన రోజులు గడుస్తాయి. ఒకరికొకరు తినుబండారాలు ఇచ్చిపుచ్చుకుంటారు. చివరికి ఒకనాటికి ఎలుక నిర్భయంగా కాకి రెక్కల నడుమ చేరి కబుర్లు చెప్పే స్థితి వస్తుంది.

ఎలుక భయాన్ని కథకుడు ఎక్కడా ఎగతాళి చేయడని గమనించండి. పిరికిదనలేదు, సంకుచితమనలేదు. ఎలుక భయానికి కారణమున్నది. తాను నమ్మదగినదని నిరూపించుకోవలసిన బాధ్యత బలవంతమైన కాకిదే అయింది. గడప ఎక్కడ గీయాలో నిర్ణయించే హక్కు బలహీనమైన ఎలుకకు దక్కింది.

ఈ కథ 6వ శతాబ్దంలో పారశీక చక్రవర్తి ఖుస్రో అనూషిర్వాన్ కాలంలో బుర్జోయ్ అనే వైద్యుని ద్వారా పహ్లవీ భాషలోకి వెళ్ళింది. అక్కడి నుంచి 8వ శతాబ్ది నడుమ ఇబ్న్ అల్ ముకఫ్ఫా అరబ్బీలోకి తెచ్చాడు. ఆ గ్రంథమే కలీలా వ దిమ్నా. బొమ్మల పుస్తకాల చరిత్రలో ఆయన పీఠికను ఎందుకు తలచుకోవడం లేదో నాకు అర్థం కాదు. ఆ పుస్తకానికి నాలుగు ప్రయోజనాలున్నాయని ఆయన చెబుతాడు. మాట్లాడే మృగాలుంటే చిన్నవాళ్ళు ఇష్టపడి చదవడం మొదటిది. జంతువుల రూపాలను రంగురంగులుగా చూపి రాజుల మనసు అలరించడం రెండవది. ఆ సొగసు వల్ల అందరూ ప్రతులు రాయించుకుంటే గ్రంథం కాలగర్భంలో కలిసిపోదు, చిత్రకారునికీ లేఖకునికీ బతుకు గడుస్తుంది, ఇది మూడవది. నాలుగవది తత్త్వజ్ఞులకు సంబంధించినది. బొమ్మ అలంకారం మాత్రమే కాదనీ, కథను బతికించే ఉపాయమనీ పన్నెండు వందల యేళ్ళ కిందటే గుర్తించినవాడాయన. బొమ్మల పాఠ్యపుస్తకాలకు ఆద్యుడని యూరపువారు చెప్పుకునే కొమేనియస్ తన చిత్రజగత్తును నూరెంబర్గులో అచ్చు వేయించినది 1658లో.

ఆయన అన్నట్లే జరిగింది. 13వ శతాబ్ది తొలినాళ్ళ సచిత్ర ప్రతి ఒకటి పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నది. 1354 నాటిది మరొకటి ఆక్స్‌ఫర్డులో ఉన్నది. ఇదే కథల చెట్టు నుంచి 15వ శతాబ్ది చివర హుసేన్ వాయిజ్ కాషిఫీ అన్వారె సుహేలీ అనే పారశీక గ్రంథం రాశాడు. దానికి అక్బరు ఆస్థానంలో బొమ్మలు వేసిన 1570 నాటి ప్రతి నేడు లండనులో ఉన్నది. అది చాలదని అక్బరు అబుల్ ఫజల్ చేత సులభశైలిలో ఇయారె దానిష్ అనే పేరుతో 1588లో మళ్ళీ రాయించాడు. మన కలుగులోని ఎలుక ఈ విధంగా పారశీకానికీ అరబ్బు దేశాలకూ వెళ్ళి, మొగలాయి రంగులు పూసుకుని తిరిగి ఇల్లు చేరింది. మరొక విశేషం. 10వ శతాబ్దంలో బస్రా నగరంలో ఇఖ్వాన్ అస్సఫా, అంటే నిర్మల సోదరులు, అనే పండిత బృందం ఉండేది. ఈ కథలోని మిత్రుల నుంచే వారు ఆ పేరు తీసుకున్నారని కొందరు పండితులు అభిప్రాయపడ్డారు. జాతులు వేరైనా ఒకరికొకరు నిలిచిన జంతువులను చూసి మనుషులు తమకు పేరు పెట్టుకున్నారన్నమాట.

ఇక మన తెలుగు. 15వ శతాబ్దంలో దూబగుంట నారాయణకవి పంచతంత్రాన్ని పద్యకావ్యం చేశాడు. తరువాత 1853లో పరవస్తు చిన్నయసూరి మదరాసులో నీతిచంద్రికను వెలువరించాడు. మిత్రలాభం, మిత్రభేదం ఆయన రాశాడు. తక్కిన భాగాలను కొక్కొండ వేంకటరత్నం పంతులు, కందుకూరి వీరేశలింగం పంతులు వంటివారు తరువాత చేపట్టారు. నీతిచంద్రిక ఎన్నో తరాలకు పాఠ్యగ్రంథమైంది. నా బోటివాళ్ళం అందులో కళ్ళు తెరిచాం.

అయితే మేము చదివిన ప్రతిలో ఒక్క బొమ్మ లేదు. ఆ కథలో మాకు కాకీ ఎలుకా కనిపించలేదు, సంధులు కనిపించాయి. ఏ పదం సరళాదేశం, ఏది గసడదవాదేశం, ఏ సమాసం తత్పురుష, ఏది కర్మధారయం అని వేటాడుతూ కథ దాటిపోయేవాళ్ళం. ప్రాచ్య కళాశాలలో ఆ వేటలో నేర్పు సంపాదించి, పట్టా పుచ్చుకుని, అదే వేటను పిల్లలకు నేర్పడానికి బడిలో చేరాను. సూరి వచనం మీద నాకు ఇప్పటికీ భక్తి చెక్కుచెదరలేదు. లోపం ఆయన పుస్తకానిది కాదు, మేము దానిని చదివించిన పద్ధతిది.

ఇప్పుడు నా తప్పు. అవి 1990 దశకపు తొలి సంవత్సరాలు. ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాల. తొమ్మిదో తరగతికి మిత్రలాభం చెబుతూ, ఎలుక కాకికి చెప్పే కథలోని ఉపకథను హితోపదేశం నుంచి వివరిస్తున్నాను. చెట్టు తొర్రలో చూపు పోయిన ముసలి గద్ద, దానిని పోషించే పక్షులు, పక్షిపిల్లల కోసం వచ్చిన పిల్లి. గద్ద జాలిపడి చోటిస్తుంది. పిల్లి పిల్లలను తిని ఎముకలు తొర్రలో వదిలి పోతుంది. పక్షులు గద్దను చంపుతాయి. కులశీలాలు తెలియనివారికి ఇంట చోటివ్వరాదని నీతి. నల్లబల్ల మీద ‘కులశీలములు’ అని రాసి, కులమును, శీలమును, ద్వంద్వ సమాసం, అని విగ్రహవాక్యం చెప్పాను.

చివరి బల్ల నుంచి ఒక పిల్లవాడు లేచాడు. ఆ ఏడే బడిలో చేరినవాడు. వాళ్ళ నాన్న చిన్న సర్కారు కొలువు మీద బదిలీ అయి ఆ ఊరు వచ్చాడు. “మాస్టారూ, గద్ద ఆ పిల్లిని ‘మీరేమిట్లు’ అని అడగలేదా?” అన్నాడు. తరగతి గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. “అడిగిందిరా. పిల్లి కూడా దాచలేదు, నేను పిల్లిని అనే చెప్పింది” అన్నాను. “అయితే నిజం చెప్పినా ఇల్లు ఇవ్వకూడదనా మాస్టారూ?” అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను తడబడి, కులమంటే ఇక్కడ వంశమని అర్థమనీ, ఆ రోజుల మాట వేరనీ ఏదో చెప్పి, తరువాతి వాక్యంలోని సంధికి వెళ్ళిపోయాను.

ఆ కుటుంబానికి ఊళ్ళో అద్దె ఇల్లు దొరకలేదని నాకు ఆ తరువాత తెలిసింది. ప్రతి గడపలోనూ ఆ ‘ఏమిట్లు’ ప్రశ్నకు వాళ్ళ నాన్న నిజమే చెప్పాడట. ఊరి బయట ఒక గోడౌను పక్క గదిలో ఆ ఏడాది గడిపి, మళ్ళీ బదిలీ పెట్టించుకుని వెళ్ళిపోయారు. ఆ పిల్లవానికి ఇవ్వవలసిన జవాబు నాకు తోచేసరికి వాడు బడిలో లేడు.

జవాబు నేను నల్లబల్ల మీద రాసిన సమాసంలోనే ఉన్నది. ద్వంద్వంలో రెండు పదాలకూ సమాన ప్రాధాన్యం. పిల్లి తన కులం విషయంలో నిజమే చెప్పింది. శీలం విషయంలో అబద్ధమాడింది. మాంసం మానేసి వ్రతాలు పట్టానని నమ్మించింది. గద్ద మోసపోయినది కులం తెలియక కాదు, నడవడి పరీక్షించక. మేము బడిలోనూ ఊళ్ళోనూ ఆ సమాసంలో మొదటి పదాన్ని పట్టుకుని రెండవదాన్ని వదిలేశాం. పైగా ఆ ఉపకథలో, ఎవరినైనా పుట్టుకను బట్టి కాదు, నడతను బట్టి చూడాలన్న గొప్ప మాటను కవి ఆ పిల్లి నోటనే పలికించాడు. లోకమంతా ఒకే కుటుంబమన్న భావమూ హితోపదేశంలో ఒక నక్క నోట వస్తుంది. జింకను చంపాలని చూసే నక్క అది! మంచి మాట వింటే చాలదు, పలికినవాడు ఏం చేస్తాడో కనిపెట్టి చూడమని దాని తాత్పర్యం. కలుగులోని ఎలుక చేసింది సరిగ్గా అదే. కాకి ఏ జాతిదో దానికి మొదటే తెలుసు. ఆ ఒక్క కారణంతో తలుపు శాశ్వతంగా మూయలేదు. కాకి మాటలు తీయగా ఉన్నాయని వెంటనే తెరవనూ లేదు. నడత చూసింది.

మహాబలిపురంలోని 7వ శతాబ్దపు పెద్ద శిలాఫలకాన్ని చూసినవారికి అందులో ఒంటికాలి మీద తపస్సు చేస్తున్న పిల్లి గుర్తుంటుంది. దాని పాదాల దగ్గర ఎలుకలుంటాయి. దొంగ తపసి పిల్లి కథ భారతంలోనూ పంచతంత్రంలోనూ వేర్వేరు రూపాలలో ఉన్నది. ఒకసారి విహారయాత్రకు పిల్లలను తీసుకెళ్ళినప్పుడు చూశాను. ఎవరూ వివరించకుండానే ఒకడు “ఆ ఎలకలు పిచ్చివి మాస్టారూ, పారిపోవాలి” అన్నాడు. తరగతి గదిలో నేను గంటసేపు చెప్పలేని విషయాన్ని రాతిబొమ్మ ఒక్క చూపులో చెప్పేసింది. కులశీలముల పాఠం ఆ బొమ్మ ముందు చెప్పి ఉంటే ఎట్లా ఉండేదో అని అనుకుంటాను.

బొమ్మకు ఇంత శక్తి ఉన్నది కాబట్టే పెద్దలు దానికి భయపడతారు. దీనికి మన దేశం నుంచి కాక అమెరికా నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. సాలీడుకూ పందిపిల్లకూ చెలిమిని చెప్పే ‘షార్లట్స్ వెబ్’ నవలకు 1952లో బొమ్మలు వేసిన గార్త్ విలియమ్స్, 1958లో తానే ఒక బొమ్మల పుస్తకం రాశాడు. ఒక తెల్ల కుందేలు, ఒక నల్ల కుందేలు ఆడుకుని, చివరకు పెళ్ళి చేసుకుంటాయి. అంతే కథ. 1959లో అలబామా రాష్ట్రంలో, నల్లవారినీ తెల్లవారినీ వేరు చేసే చట్టాలు అమలులో ఉన్న ఆ రోజులలో, ఈ కుందేళ్ళ మీద శాసనసభ్యులు మండిపడ్డారు. గ్రంథాలయ సేవా సంస్థ అధికారి ఎమిలీ రీడ్ పుస్తకాన్ని తొలగించడానికి ఒప్పుకోలేదు. దానిని ప్రత్యేకపు అరలో ఉంచి, అడిగిన గ్రంథాలయాలకు ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆ మరుసటి ఏడాది ఆమె ఆ రాష్ట్రం విడిచి వెళ్ళారు. రెండు కుందేళ్ళ బొచ్చు రంగు ఒక శాసనసభను కదిలించిందంటే, మూడేళ్ళ పిల్లవాని ఒడిలోని పుస్తకం ఎంత బరువైనదో ఊహించండి.

మన పిల్లల బొమ్మల పుస్తకాల సంగతి చూద్దాం. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి చందమామను ప్రారంభించారు. నా తరానికి బొమ్మ చూసి కథలోకి దిగడం నేర్పినది అదే. వడ్డాది పాపయ్య, చిత్రా, శంకర్ వేసిన బొమ్మల ముందు నా పాఠ్యపుస్తకం వెలవెలబోయేది. 1957లో కేశవ శంకర్ పిళ్ళై ఢిల్లీలో బాలల పుస్తక సంస్థను నెలకొల్పారు. మాస్కోలో అచ్చయిన తెలుగు బొమ్మల పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో తక్కువ ధరకు దొరికేవి. మంచు ఎరుగని మన పిల్లలు వాటిలో మంచు చూశారు. 1991లో ఆ దేశమే విడిపోవడంతో ఆ ధార ఆగింది.

అయితే వీటన్నిటిలో ఒక వెలితి ఉండేది. వేరుగా ఉండేవారు అంటే ఎప్పుడూ జంతువులో, పరదేశులో. మన తరగతి చివరి బల్ల మీది పిల్లవాడు, వాని ఇల్లు, వాని కూర, వాని పండుగ బొమ్మలో కనిపించేవి కావు. ఆ వెలితిని తెలిసి పూడ్చడానికి జరిగిన ప్రయత్నాలలో నాకు బాగా నచ్చినది హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో తెలుగు, మలయాళం, ఇంగ్లీషు భాషలలో తెచ్చిన ‘డిఫరెంట్ టేల్స్’ పుస్తకాల వరుస. గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు, గోపిని కరుణాకర్ వంటివారి కథలకు బొమ్మలు వేసి ప్రచురించారు. అవి నా చేతికి వచ్చేసరికి ఉద్యోగం చివరి దశలో ఉన్నాను. చదువుతున్నంతసేపూ ఆ గోడౌను పక్క గదే కళ్ళ ముందు మెదిలింది. ఆ పిల్లవాని చేతికి అప్పుడు అటువంటి పుస్తకం ఒకటి ఇచ్చి ఉంటే, వాడు లేచి అడగవలసిన అవసరం ఉండేదే కాదు. అడగవలసినవాళ్ళు తక్కిన పిల్లలు, వారితో పాటు నేను.

ఇక మళ్ళీ మనవరాలి పుస్తకం దగ్గరకు. అందులో లోపం బొమ్మల అందంలో లేదు. నలుగురూ మొదటి నుంచే స్నేహితులైతే కథకు పనేమున్నది? భయం తీసేస్తే ధైర్యం కనిపించదు. తేడాను చెరిపేస్తే దానిని దాటిన సంగతీ కనిపించదు. అందరూ ఒకటే అని చెప్పే పుస్తకం పిల్లలకు వెంటనే అబద్ధంగా తోస్తుంది, ఎందుకంటే అందరూ ఒకటిగా లేరని వాళ్ళు రోజూ చూస్తున్నారు.

మూలకథ ముగింపులో ఈ తేడాలే రక్షిస్తాయి. లేడి ఉచ్చులో పడితే ఎలుక పళ్ళు పనికి వస్తాయి. ఉండబట్టలేక పాకుతూ వచ్చిన తాబేలు వేటగానికి చిక్కుతుంది. అప్పుడు లేడి చెరువు గట్టున చచ్చినట్లు పడుకుంటుంది. కాకి దాని తల మీద వాలి కళ్ళు పొడుస్తున్నట్లు నటిస్తుంది. వేటగాడు నమ్మి తాబేటిని కింద పెట్టి అటు పరుగెత్తుతాడు. ఎలుక కట్లు కొరుకుతుంది. తాబేలు నీళ్ళలోకి జారుతుంది. కాకి కళేబరాన్ని పొడుస్తుందని లోకానికి తెలుసు కనుకనే వేటగాడు నమ్మాడు. ఏ స్వభావాన్ని చూసి ఎలుక మొదట భయపడిందో, ఆ స్వభావమే చివరకు మిత్రుల ప్రాణం కాపాడింది. కాకి కాకిగానే ఉండి స్నేహితుడైంది.

మనవరాలు తిరిగి వెళ్ళేముందు నా పాత డైరీలో ఒక బొమ్మ వేసి పెట్టింది. ఒక చిన్న నల్లటి గుండ్రం, అందులో రెండు కళ్ళు. బయట కాస్త ఎడంగా ఒక కాకి. “దగ్గరగా వేయలేదేం?” అన్నాను. “ఇంకా మొదటి రోజే కదా తాతయ్యా” అన్నది.

ఆ నల్లటి గుండ్రం చూసినప్పుడల్లా ఆ పిల్లవాడు గుర్తుకు వస్తాడు. ఇప్పుడు వానికి నలభై దాటి ఉంటాయి. వానికి పిల్లలుంటే, వాళ్ళకు ఈ కథ ఎవరు ఎట్లా చెబుతున్నారో.

మీ చిన్ననాట చెలిమిని గురించి మీకు ఏ బొమ్మ ఏమి నేర్పిందో, వీలు చూసుకుని రాయగలరు. ఉపాధ్యాయ మిత్రులకు ప్రత్యేకంగా ఒక మనవి: ద్వంద్వ సమాసం చెప్పేటప్పుడు రెండవ పదం దగ్గర ఒక క్షణం ఆగండి.

స్వస్తి.